అస్తరు

వేళ్ల సందుల్లో తడి పూర్తిగా ఆరేదాకా, మ్యూజియంలో పాత వస్త్రాలు బాగుచేసే నోన్నా అర్కాద్యెవ్నా ఎవర్నీ తన బల్ల దగ్గరికి రానివ్వదు. ఆ మంగళవారం ఉదయం హిరుత్ చేతులు కడుక్కుని, గాలికి ఆరబెట్టుకుంటూ కిటికీ పక్కన నిలబడింది. బయట మంచు కరుగుతోంది. చర్చి చూరున వేలాడే మంచు ఊచలు ఒక్కొక్కటే విరిగి పడుతున్నాయి. గది మూల, కప్పు కారే చోట పెట్టిన బకెట్టులో చుక్క చుక్కగా నీళ్లు పడుతున్నాయి. రాత్రంతా పడ్డ నీళ్లను నోన్నా పొద్దున్నే పారబోసింది. మధ్యాహ్నానికి మళ్లీ పారబోయాలి.

జలెస్క్ ఊళ్లో చూడదగినదంతా ఒక్క ప్రహరీ లోపలే ఉంది. అయిదు గుమ్మటాల పెద్ద చర్చి, దాన్ని ఆనుకుని ఒకప్పటి సన్యాసుల మఠం. చర్చిలో ఇప్పుడు మళ్లీ పూజలు జరుగుతున్నాయి. మఠం భోజనశాల మ్యూజియం అయింది. జార్లూ రాణులూ మఠానికి సమర్పించుకున్న కానుకలన్నీ అందులో ఉన్నాయి: ముత్యాలు కుట్టిన పూజారుల అంగీలు, కెంపులు పొదిగిన గిన్నెలు, బంగారు రేకు తొడిగిన సువార్త పుస్తకాలు. వీటన్నిటికంటే పేరు మోసింది సమాధి వస్త్రం. మఠం కట్టిన సన్యాసి సమాధి మీద కప్పడానికి నాలుగు వందల ఏళ్ల కిందట ఒక రాణి ఇచ్చింది. దాని మీద నిలువెత్తు సన్యాసి. ముఖం, చేతులు పట్టు దారంతో, అంగీ అంతా వెండి బంగారు జరీతో. ‘కొడుకు కోసం మొక్కుకుని రాణిగారు పదకొండేళ్లు తన చేతులతో కుట్టినది’ అని పక్కన బోర్డు. హాలుకి కాపలా ఉండే లీదా పిన్ని ఆ మాట రోజుకి ఇరవైసార్లు చెబుతుంది. పిల్లలు లేని ఆడవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అద్దాల పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడతారు.

హిరుత్ అద్దిస్ అబాబా పిల్ల. మాస్కోలో పాత వస్త్రాలు బాగుచేసే చదువు నాలుగో ఏడు. ప్రొఫెసరు రాసిచ్చిన జాబితా పట్టుకుని ఈ నాలుగేళ్లలో ముప్ఫైకి పైగా చర్చిలు, రాజుల ఖజానాలు చూసింది. ఎక్కడికెళ్లినా ఆమెకీ వస్త్రానికీ మధ్య అద్దం ఉండేది. ఆఖరి ఏడు శిక్షణకని జలెస్క్ పంపారు కాబట్టి ఇప్పుడు అద్దం లేదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద సమాధి వస్త్రాన్ని బోర్లా పడుకోబెట్టారు. పైకి కనిపిస్తున్నది వెనకవైపు కప్పుతూ కుట్టిన వెలిసిన నీలి అస్తరు ఒక్కటే.

వచ్చే సోమవారం అది రాజధానిలో పెద్ద ప్రదర్శనకు వెళ్లాలి. అక్కడ ఏటవాలుగా నిలబెడతారట. జరీ బరువుకి గుడ్డ సాగిపోకుండా వెనక గట్టి నారగుడ్డ కుట్టాలి. అందుకు అస్తరు విప్పక తప్పదు.

“కత్తెర మొన పైకి ఉండాలి. టాకా కింద దూర్చి, ఎత్తి, అప్పుడు కొయ్యి. లాగకు. దారం దానంతటది వస్తుంది,” అంది నోన్నా.

హిరుత్ వంగి మొదటి టాకా కోసింది. పట్టకారుతో దారం ముక్క తీసి గాజు పళ్లెంలో వేసింది. ఒక టాకా, ఒక ముక్క. గంట గడిచేసరికి జానెడు అంచు విడింది. నోన్నా ఎదురుగా మరో అంచు విప్పుతోంది. అరవై మూడేళ్ల మనిషి, లావుపాటి వేళ్లు, అయినా ఆమె పళ్లెంలోనే ముక్కలు ఎక్కువ పడుతున్నాయి.

హిరుత్ ఒక దారం ముక్కని భూతద్దం కింద పెట్టి చూసింది. అస్తరు గుడ్డ పాతదే. దారం మాత్రం అంత పాతది కాదు. రంగు చక్కగా, ఒకే తీరుగా ఉంది. ఆ మాటే అంది. మ్యూజియం ఫైల్లో ఏముందో కూడా గుర్తుచేసింది: ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట ఈ వస్త్రాన్ని ఇక్కడే శుభ్రం చేశారు. అప్పుడు అస్తరు విప్పలేదు అని రాసుంది.

నోన్నా తల ఎత్తలేదు. “మధ్యలో ఎవరో వేసుంటారులే,” అంది.

మధ్యాహ్నం నోన్నా జున్నుముక్క పెట్టిన రొట్టె ఆమె వైపు జరిపింది. హిరుత్ ఉపవాసం, పాలతో చేసినవి తిననంది. ఈస్టరు ముందు నలభై రోజులూ ఇక్కడివాళ్లు ఉండే ఉపవాసమే ఆమె దేశంలోనూ ఉంటారు, ఇంకో వారం ఎక్కువే ఉంటారు. నోన్నా రొట్టె వెనక్కి తీసుకుని, బీరువాలోంచి ఊరబెట్టిన పుట్టగొడుగుల సీసా తీసి పెట్టింది. నేను నాస్తికురాలిగా పెరిగాను, నా ముందు ఎందుకీ పరీక్ష అని గొణిగింది. జున్ను రొట్టె మాత్రం తనే తినేసింది.

బుధవారం పదకొండింటికి అస్తరు పూర్తిగా విడింది. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని, మడత పడకుండా నెమ్మదిగా ఎత్తి పక్క బల్ల మీదికి చేర్చారు.

హిరుత్ వెనక్కి తిరిగి చూసి అలాగే నిలబడిపోయింది. అద్దాల పెట్టెలో చూసిన సన్యాసి బూడిద రంగు మనిషి. ఇక్కడ, వెలుగు ఎప్పుడూ తగలని వెనకవైపున, పట్టు దారం మొన్ననే అద్దకం తొట్టిలోంచి తీసినట్టుంది. తేనె రంగు, దానిమ్మ గింజ ఎరుపు, లేత ఆకుపచ్చ. ముళ్లు, దారపు కొసలు, ఒక చోట నుంచి ఇంకో చోటికి దాటిన పోగులు, ముందువైపు దాచినదంతా ఇక్కడ కనిపిస్తోంది.

వాళ్లు దుమ్ము తియ్యడం మొదలుపెట్టారు. సన్నని జల్లెడగుడ్డ పరిచి, దాని మీదుగా చిన్న గొట్టంతో గాలి పీల్చడం, మెత్తటి కుంచెతో ఒక వేలెడు మేర తుడవడం, మళ్లీ గుడ్డ జరపడం. సన్యాసి పాదాల దాకా వచ్చేసరికి హిరుత్‌కి గుడ్డ అంచున ఒక నారపట్టీ కనిపించింది. రెండు వేళ్ల వెడల్పు, జానెడున్నర పొడవు. దాని మీద మామూలు నూలు దారంతో, ఎగుడుదిగుడుగా, అక్షరాలు. పాత చర్చి లిపి. ఆమెకి ఆ లిపి అక్షరం అక్షరం కూడబలుక్కుంటే తప్ప రాదు.

“ఇక్కడేదో రాసుంది, నోన్నా అర్కాద్యెవ్నా.”

నోన్నా బల్ల అవతల నుంచే చదివింది. “ప్రభూ, నీ దాసీలను జ్ఞాపకం ఉంచుకో. మావ్రా. ఫెతీన్యా. ఒలీసవా. గుడ్డి ఉల్యానా.”

ఆమె కళ్లద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. ఆ సంగతి హిరుత్ అప్పుడు పట్టించుకోలేదు. పట్టీ మీదికి వంగి, ఒక్కొక్క అక్షరం మీదా గాలిలో వేలు ఆడిస్తూ తనూ చదివింది. మావ్రా. ఫెతీన్యా. తర్వాత సన్యాసి ముఖం ఉన్న చోటికి నడిచి వెళ్లి, వెనకవైపు కుట్టు చాలాసేపు చూసింది. పురి పెట్టని పట్టు, బుగ్గ వంపు ఎటు తిరిగితే టాకా అటు తిరిగింది.

“ఈ నలుగురిలో ముఖం కుట్టిందెవరు?” అని అడిగింది.

నోన్నా లేచి బకెట్టు పారబోసుకుని వచ్చింది. పట్టీని ఫొటోలు తియ్యమని, కొలతలు రాసుకోమని చెప్పింది. గొంతు ఎప్పటిలాగే ఉంది.

*

గురువారం డైరెక్టరు వాదిమ్ ఇగ్నాత్యెవిచ్ వచ్చాడు. బూట్లకి ఉన్న బురదమంచు గుమ్మంలో దులుపుకుని, బకెట్టు వైపు చూసి, కప్పు వైపు చూసి, ఆ తర్వాత బల్ల వైపు చూశాడు. పేర్లు చదివాడు. రెండోసారి కూడా చదివాడు. చెడ్డమనిషి కాడు. ఏడేళ్లుగా పైకప్పు కోసం కాగితాలు రాస్తూనే ఉన్నాడు. చలికాలంలో తనే పార పట్టుకుని చూరు మీద మంచు తోస్తాడు.

కుర్చీ లాక్కుని కూర్చుని, అరిచినట్టు కాకుండా, విడమరిచి చెప్పాడు. రాజధానివాళ్లు పిలిచింది జలెస్క్ కుట్టుపనిని కాదు, రాణిగారి చేతిపనిని. గోడల మీద అంటించే పెద్ద బొమ్మలు కూడా అచ్చయిపోయాయి. ఇప్పుడీ పట్టీ సంగతి బయటికి వస్తే పండితుల కమిటీ వేస్తారు, కమిటీ ఏడాది కూర్చుంటుంది, ప్రదర్శన పోతుంది. ప్రదర్శన పోతే దానివల్ల వచ్చే మరమ్మతు డబ్బు పోతుంది, కప్పు పోతుంది. కప్పు పోతే రాణిది పోతుంది, దాసీలదీ పోతుంది.

“రాణి కుట్టలేదని ఈ పట్టీ చెప్పడం లేదు కదా. రాణి కూడా కుట్టి ఉండొచ్చు.”

“ఎక్కడ?” అంది హిరుత్.

ఆయన ఆమె వైపు తిరిగాడు. “అమ్మాయ్, పిల్లల కోసం మొక్కుకోవడానికి వస్తారే ఆడవాళ్లు, వాళ్లకి ఏం చెప్పమంటావు? పదకొండేళ్లు తల వంచుకుని కుట్టిన తల్లి కాదు, జీతానికి కుట్టిన నలుగురు పనివాళ్లు అని చెప్పనా?”

“మా అమ్మ చర్చి ఊరేగింపు గొడుగులకి జరీ కుడుతుంది. గొడుగు మీద దాత పేరుంటుంది,” అంది హిరుత్.

డైరెక్టరు ఆమె శిక్షణ నివేదిక సంగతి ఎత్తాడు. అందులో పట్టీ గురించి రాయొద్దు, ఫొటోలు ఎవరికీ పంపొద్దు. ప్రదర్శన ముగిసి వస్త్రం తిరిగొచ్చాక తీరిగ్గా చూసుకుందాం. నివేదిక మీద తన సంతకం కావాలి కాబట్టి సోమవారం తీసుకురమ్మన్నాడు. ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి పడేసరికి తనకే ఇబ్బందిగా అనిపించినట్టుంది, లేచి టోపీ పెట్టుకున్నాడు. సంతకం లేకపోతే ఏడాది చదువు మళ్లీ మొదటికొస్తుందని, వీసా ఆ ఏడాదికి సరిపోదని హిరుత్‌కి తెలుసు. ఆయనకీ తెలుసు.

ఆయన వెళ్లాక నోన్నా నారగుడ్డ చుట్ట విప్పి, కొలిచి, గుర్తులు పెట్టడం మొదలుపెట్టింది.

“మీరు ఒక్క మాటైనా అనలేదు,” అంది హిరుత్.

“నాకు అరవై మూడు. వాళ్లకి నాలుగు వందలు. తొందర ఎవరికుంది?” అంది నోన్నా. “దారానికి మైనం పట్టించు. వంకర సూది తీసుకో.”

ఆ సాయంత్రం దాకా ఇద్దరూ నారగుడ్డ కుట్టారు. హిరుత్ రెండుసార్లు టాకా తప్పింది, రెండుసార్లూ నోన్నా వేలితో చూపించింది, ఆమె విప్పి మళ్లీ కుట్టింది. తిట్టుకోవాలనిపించింది, కానీ ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు. ముప్ఫై ఏళ్లు ఒకే బల్ల ముందు కూర్చున్న మనిషి అలాగే అయిపోతుంది కాబోలు అనుకుంది.

*

శుక్రవారం నోన్నాకి మోకాలు వాచింది. మధ్యాహ్నం హిరుత్ చర్చికి వెళ్తుందని తెలిసి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఇచ్చి, కొవ్వొత్తుల బల్ల దగ్గరుండే జోయాకి ఇవ్వమంది.

హిరుత్ తలమీదుగా తెల్లని నూలు శాలువా కప్పుకుని ప్రహరీ లోపలే నడిచి వెళ్లింది. చర్చి గుమ్మంలో అలవాటుగా బూట్ల తాళ్ల మీదికి చెయ్యి పోయింది. ఆమె ఊళ్లో చర్చిలోకి చెప్పులతో వెళ్లరు. వచ్చిన కొత్తలో ఇక్కడ ఉత్త మేజోళ్లతో నిలబడితే జోయా చూసి, రాతినేల తల్లీ, జ్వరం వస్తే మా దేవుడి మీద చెడ్డపేరు అని బూట్లు తొడిగించింది. ఇవాళ కూడా బల్ల వెనక నుంచే వేలు ఆడించింది.

జోయా పొట్టిగా, బుగ్గల మీద ఎర్రటి నరాలతో ఉంటుంది. కొవ్వొత్తులు అమ్ముతుంది, ప్రార్థన కోసం జనం రాసిచ్చే పేర్ల చీటీలు తీసుకుంటుంది. బతికున్నవాళ్లవి ఒక పెట్టెలో, పోయినవాళ్లవి ఒక పెట్టెలో. ఉపవాసాల శనివారాల్లో పోయినవాళ్ల పేర్లు పైకి చదువుతారు కాబట్టి ఆ పెట్టె నిండిపోయి ఉంది.

హిరుత్ ఇచ్చిన కాగితం ఆమె విప్పను కూడా విప్పలేదు. పెట్టెలో వేసేసింది.

“చదవరా?” అంది హిరుత్.

“నోన్నాది కదా. మావ్రా, ఫెతీన్యా, ఒలీసవా, ఉల్యానా. అక్షరం తప్పు కూడా ఉండదు.” జోయా కొవ్వొత్తులు కట్టలు కడుతూనే మాట్లాడింది. “మా అత్తగారు ఈ బల్ల దగ్గరుండగానే మొదలైంది. మూతపడ్డ చర్చి మళ్లీ తెరిచిన మొదటి ఏడే అనుకుంటా. పూజకి రాదు, శిలువ గీసుకోదు, చీటీ మాత్రం తప్పదు. పాతకాలం పేర్లు చూసి, మీ మేనత్తలా అని అడిగాను ఒకసారి. ఆఁ, అలాంటివాళ్లే అంది. పాపం, అందరూ ఒకేసారి పోయారేమో, యుద్ధంలోనో ఏమో.”

హిరుత్ కొవ్వొత్తి కొనడం మరిచిపోయింది. చర్చిలో నాలుగు స్తంభాల మధ్య, గోడల నిండా బారులు తీరిన సాధువుల బొమ్మల కింద కాసేపు నిలబడి, ప్రార్థన చేసుకోకుండానే తిరిగొచ్చింది.

నోన్నా కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కేబేజీ కూరిన రొట్టె తింటోంది. హిరుత్ గాజు పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టింది. అందులో మంగళవారం నాటి దారం ముక్కలు. పక్కన నిన్న నోన్నా కుట్టిన నారగుడ్డ అంచు. పళ్లెంలో ముక్కల పొడుగు ఎంతో, అక్కడ టాకా ఎడం అంతే.

“ఆ అస్తరు కుట్టింది మీరే.”

నోన్నా నోట్లో ముద్ద నమిలి మింగింది. “నేనే,” అంది. మళ్లీ తనే, “జోయా నోటికి మైనం పెట్టాలి,” అంది.

తర్వాత చెప్పింది. అప్పుడు తనకి ముప్ఫై రెండేళ్ల వయసు. గురువు ఫయీనా ల్వోవ్నా పక్కన సహాయకురాలు. అస్తరు కుట్లు చివికితే విప్పారు, పట్టీ కనబడింది. అప్పటి డైరెక్టరూ ఇలాగే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు కప్పు బాగానే ఉంది, ఇంకేదో బాగాలేదు. అది ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. కుట్టేయమన్నారు, కుట్టేశారు. ఏ వస్తువుని బాగుచేసినా ఏం చేశారో రాసి సంతకాలు పెట్టే కాగితం ఉంటుంది, పాస్‌పోర్టు అంటారు. అందులో ‘అస్తరు విప్పలేదు’ అని రాశారు.

“రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందని ఆవిడ నాతో రాయించింది,” అంది నోన్నా. “ఏం చెయ్యాలో తెలీలేదు. జ్ఞాపకం ఉంచుకో అని అడిగారు కదా. దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలీదు. ఉంటే వింటాడని చీటీ ఇస్తూ వచ్చా. అంతే సరిపోయిందనుకున్నా.”

“సరిపోలేదా?”

“సరిపోయింది. బుధవారం దాకా.” ఆమె రొట్టె ముక్కలు బల్ల అంచు నుంచి అరచేతిలోకి తుడిచింది. “ముఖం కుట్టిందెవరని అడిగావు నువ్వు. ఇన్నేళ్లలో ఆ మాట నేను అడగలేదు. ఈ పని చేసేదాన్ని, నేనే అడగలేదు. నాకు వాళ్లు పోయినవాళ్లు. అంతే. పనివాళ్లనే తట్టలేదు.”

హిరుత్‌కి నిన్న తను మనసులో అనుకున్న మాట గుర్తొచ్చి ముఖం వేడెక్కింది. నోన్నా కాలు కిందికి దించి, కుంటుతూ వెళ్లి చేతులు కడుక్కుంది.

“దీపం ఇటు తిప్పు. సోమవారం దాకా టైముంది. వెతుకుదాం,” అంది.

*

ఆ శుక్రవారం మధ్యాహ్నం, శనివారం అంతా వెతికారు. నారగుడ్డ ముగించి అస్తరు మళ్లీ వెయ్యడానికి ఆదివారం ఒక్కటే మిగుల్చుకున్నారు. అప్పటికి ఒక అంచే కుట్టిన నారగుడ్డని పక్కకి మడిచి, వెనకవైపు మొత్తాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక్కొక్క గడీ భూతద్దం కింద చూస్తూ, కాగితం మీద గీసుకుంటూ పోయారు.

కొన్ని గంటలు గడిచేసరికి చేతులు విడివిడిగా తెలియడం మొదలైంది. ఒకామె జరీ పోగుని బిగించి పట్టి కుట్టేది, గుడ్డ కొంచెం ముడుచుకుంది. ఒకామె దారం అయిపోతే ముడి వెయ్యదు, మూడు చిన్న టాకాలు వేసి తెంపుతుంది. ఆమె చేసిన చోటల్లా వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉంది. ముఖం కుట్టినామె టాకాలన్నీ మిగతావాటికి ఎదురు వాలుగా ఉన్నాయి.

“ఎడమచేతి వాటం,” అంది హిరుత్.

నోన్నా వచ్చి చూసింది. సూది గుచ్చిన వైపు, తీసిన వైపు వేలితో గాలిలో గీసుకుని, తల ఊపింది. “రాయి. ముఖం, కుడి చెయ్యి, సన్యాసి పేరు కుట్టిన వరసలో మొదటి నాలుగక్షరాలు. ఎడమచేతి వాటం మనిషి. పేరు తెలియదు.”

శనివారం పొద్దున ఒక గంట హిరుత్ చర్చికి వెళ్లొచ్చింది. పూజారి చీటీలు చదువుతున్నాడు. వందల పేర్లు, ఊపిరి తీసుకోకుండా, ఒకదాని మీద ఒకటి పడిపోతూ. ఆమె నాలుగు పేర్ల కోసం చెవి రిక్కించుకుని నిలబడింది. ఫెతీన్యా అన్నది వినిపించింది. మిగతా మూడూ జారిపోయాయి, ఎవరిదో దగ్గు అడ్డం వచ్చింది. నిజంగా చదివాడో లేదో కూడా ఆమెకి తెలియలేదు.

తిరిగొచ్చి వస్త్రం చుట్టూ కుట్టిన అంచు తాడు చూస్తూ కూర్చుంది. పట్టు తాడుని ప్రతి టాకాకీ ఒక వేలిగణుపు ఎడంలో పట్టి కుట్టారు. నాలుగు వైపులా, ఎక్కడా తేడా లేదు, గుర్తుగా గీసిన గీతా లేదు. ఆమె కళ్లు మూసుకుని, బొటనవేలి గోరుతో గణుపు కొలిచి, బల్ల మీది గుడ్డపీలిక మీద పది టాకాలు వేసింది. కళ్లు తెరిచి చూస్తే దాదాపు అలాగే వచ్చాయి.

“గుడ్డి ఉల్యానా ఇది కుట్టి ఉండాలి,” అంది.

నోన్నా ఆ గుడ్డపీలిక చాలాసేపు చేతిలో పట్టుకుంది. “అయ్యుండొచ్చు,” అంది. “కానీ ఇది ఊహ. పాస్‌పోర్టులో ఊహలు రాయం.” పీలికని మాత్రం పారెయ్యలేదు. మడిచి తన సూదుల పెట్టెలో పెట్టుకుంది.

ఆదివారం మిగిలిన నారగుడ్డ, దాని మీద అస్తరు కుట్టారు. పట్టీ ఉన్న చోట నోన్నా అస్తరు అంచుని మూసెయ్యలేదు. విప్పుకుని చూడటానికి వీలుగా చిన్న రెప్పలా మడిచి, రెండు బొందులతో కట్టింది. సాయంత్రం పాస్‌పోర్టు మూడు ప్రతులు రాసింది. మ్యూజియానికొకటి, మంత్రిత్వశాఖకొకటి, వస్త్రంతో పాటు వెళ్లేది ఒకటి. నాలుగు పేర్లు, గళ్ల పటం, కనీసం నాలుగు వేర్వేరు చేతులు, వాటి గుర్తులు. ఆఖరున ఇంకో వాక్యం: ముప్ఫై ఒక్క ఏళ్ల కిందటి పాస్‌పోర్టులో అస్తరు విప్పలేదని రాసినది అబద్ధం, రాసినది నేను. మూడు ప్రతుల్లోనూ అది ఒకే చేతిరాత, గుండ్రంగా, అచ్చు వేసినట్టు.

*

సోమవారం తొమ్మిదింటికి లారీ వచ్చి ప్రహరీలో నిలబడింది. వస్త్రాన్ని లావుపాటి గొట్టానికి చుట్టి, కాగితం కప్పి, చెక్కపెట్టెలో పెట్టారు. డైరెక్టరు తనూ అదే లారీలో వెళ్లాలి. ప్రయాణం కోటు వేసుకుని వచ్చాడు.

నోన్నా మూడు ప్రతులూ ఆయన ముందు పెట్టింది. హిరుత్ తన నివేదికనీ వాటి పక్కన పెట్టింది. అందులో మూడో పేజీలో పట్టీ ఫొటో ఉంది. ఆ సంగతి ఆమె దాచలేదు, ఆ పేజీయే పైకి కనపడేలా పెట్టింది.

ఆయన నిలబడే మొత్తం చదివాడు.

“ఇది రాస్తే నీ మీద విచారణ వేస్తారు, నోన్నా.”

“వెయ్యనివ్వండి.”

“ముప్ఫై ఏళ్ల మంచిపేరు.”

“ఎవరిది?” అంది నోన్నా.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. పాస్‌పోర్టు లేకుండా పెట్టె గేటు దాటదు, అది నియమం. ఆ నియమం పెట్టినవాడు ఆయనే. ఆయన కాగితాలు అక్కడే వదిలేసి బయటికి వెళ్లాడు. హిరుత్ కిటికీలోంచి చూసింది. లారీ పక్కన నిలబడి చర్చి కప్పు వైపు చూస్తున్నాడు. డ్రైవరు ఏదో అడిగితే చెయ్యి ఊపాడు. చూరు నుంచి నీళ్లు ఆయన టోపీ మీద పడుతుంటే పక్కకు జరిగాడు. పావుగంట గడిచింది. నోన్నా కుర్చీలో కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ, తలుపు వైపు చూడలేదు.

ఆయన వచ్చాడు, చేతిలో తన గదిలోంచి తెచ్చిన గుండ్రటి ముద్ర. మూడు ప్రతుల మీదా సంతకం పెట్టి, ముద్ర వేశాడు. హిరుత్ నివేదిక మీద కూడా పెట్టాడు.

“అక్కడి బోర్డు నా చేతిలో లేదు. రాణి అనే ఉంటుంది,” అన్నాడు. “కాగితాలు ఎవరైనా చదివితే చదువుతారు. నేను మాత్రం చదవమని ఎవరికీ చెప్పను.” తలుపు దాకా వెళ్లి ఆగాడు. “ఇక్కడ మూడు నెలలు ఖాళీ పెట్టె ఉంటుంది. ఎక్కడికి పోయిందో జనానికి చెప్పాలి. ఏదో ఒకటి రాసి పెట్టండి. నేను ఊళ్లో ఉండను.”

లారీ వెళ్లిపోయింది. హిరుత్ శిక్షణ ముగిసింది, ఆమె రైలు రెండింటికి. నోన్నా అట్టముక్క మీద తన గుండ్రటి అక్షరాలతో రాసింది: సమాధి వస్త్రం ప్రదర్శనకు వెళ్లింది. కింద నాలుగు పేర్లు, ఒక్కొక్కటి ఒక్కొక్క వరసలో. హిరుత్ దాన్ని హాల్లోకి తీసుకెళ్లి, అద్దం లోపల ఖాళీ గుడ్డ మీద నిలబెట్టింది.

లీదా పిన్నికి అది నచ్చలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, చదివి, చేతులు కట్టుకుంది. పంతొమ్మిదేళ్లుగా రాణి, రాణి అని చెబుతున్నానని, ఇప్పుడు తనని అబద్ధాలకోరుని చేస్తున్నారని అంది. రాణిగారు మంచి మనిషి, ఆవిడకి అన్యాయం చెయ్యకూడదంది. ఆవిడ పేరు బోర్డు మీద అలాగే ఉందిగా అంది హిరుత్. లీదా పిన్ని బోర్డు వైపూ అట్ట వైపూ మార్చి మార్చి చూసి, తన కుర్చీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. అల్లిక తీసింది కానీ అల్లలేదు.

పదకొండున్నరకి ఒకామె వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి, తలకి కట్టిన రుమాలు తడిసి ఉంది. రాత్రి బస్సులో వచ్చినట్టు ముఖం వాడిపోయింది. నేరుగా పెట్టె దగ్గరికి వెళ్లి అద్దం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. లోపల ఏమీ లేదు. తర్వాత అట్ట మీది అక్షరాలు పెదవులు కదుపుతూ చదివింది.

“అత్తయ్యా, వీళ్లెవరు?” అని లీదా పిన్నిని అడిగింది.

హిరుత్ సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో ఉంది. జవాబు చెప్పబోయి ఆగింది. లీదా పిన్ని అల్లిక పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, పెట్టె దగ్గరికి వచ్చింది. రుమాలు కట్టుకున్నామె పక్కన నిలబడి, తనూ మరోసారి చదివింది.

“కుట్టినవాళ్లు,” అంది.

“అంత పెద్ద వస్త్రం నలుగురేనా కుట్టింది?”

లీదా పిన్ని అట్ట మీది పేర్లు వేలితో లెక్కపెట్టింది.

“ఏమో తల్లీ. దొరికింది నలుగురే.”